దొరసాని నిబ్బరం

మొన్న నందిగామలో రక్తపరీక్షకు వెళ్లాను. ఈమధ్య పొద్దున లేస్తే కాళ్లలో సత్తువ ఉండడం లేదనీ, చటుక్కున నిలబడితే కళ్లు తిరుగుతున్నాయనీ చెబితే డాక్టరుగారు కాగితం మీద నాలుగు పరీక్షలు రాసిచ్చారు. ల్యాబులో కూర్చున్న అమ్మాయి ఆ కాగితం చూసి, "కార్టిసాల్ కూడా రాశారు సార్. స్ట్రెస్ హార్మోను అది. టెన్షన్ పడమాకండి, పడితే రీడింగ్ ఎక్కువ వచ్చిద్ది. పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి" అంది. నాకు నవ్వు ఆగలేదు. టెన్షన్ పడొద్దంటే ఇంతలా నవ్వే ముసలాయన్ని ఆ పిల్ల అంతకుముందు చూసి ఉండదు. పక్కనే ఉన్న మా ఆవిడ నవ్వకుండా, "ఈయనకి ఆ హార్మోను సంగతి బాగా తెలుసులేమ్మా" అని ఊరుకుంది. దాంతో నన్నెవరో రిటైరైన పెద్ద డాక్టరనుకుందో ఏమో, సూది గుచ్చేటప్పుడు రెండుసార్లు సారీ చెప్పింది. నేను డాక్టరుని కాను. అదే ఊళ్లో జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ పాఠాలు చెప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఆ హార్మోనుకీ నాకూ పరిచయం చేసింది ఒక గేదె.

మా ఆవిడ పశువుల మీద పరిశోధన చేసిన మనిషి. గొడ్ల మనసు మీద పని చేసింది అని నేను ఎవరికైనా చెబితే ఆమెకు కోపం. మనసు అనకూడదు, ప్రవర్తన అనాలి. కానీ పెళ్లిచూపుల నాడు ఆమే అంతకంటే ఘోరమైన మాట అంది. అప్పటికే పీహెచ్‌డీలో చేరి ఏడాదైంది. "దేని మీదండీ మీ రీసెర్చి?" అని నేను మర్యాదగా అడిగితే, "గేదెల బెంగ మీద" అంది. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసిన మా మామగారు గట్టిగా దగ్గి, "జువాలజీ అండి, జువాలజీ" అని సర్దబోయారు. మా నాన్న కాసేపు ఆలోచించి, "బెంగ పెట్టుకుంటయ్యండి, నిజమే. మా ఎద్దు పోయినప్పుడు దాని జోడీది వారం మేత ముట్టలేదు" అన్నాడు. సంబంధం ఖాయమైంది ఆ మాటతోనే అని నా నమ్మకం. మిగతావన్నీ పెద్దవాళ్లు తర్వాత మాట్లాడుకున్నారు.

ఆమె ప్రశ్న వినడానికి చిన్నది. గేదెకి తోడుగా ఉండే గేదెని దూరం చేసి, కొత్త మనిషి చేత పాలు పితికిస్తే అది ఎంత గాభరా పడుతుంది? పక్కన తన నేస్తం ఉంటే ఆ గాభరా ఎంత తగ్గుతుంది? పాలు చేపడానికి, అంటే పొదుగులోకి దించడానికి, ఒంట్లో ఒక హార్మోను ఊరాలి, భయం వేస్తే ఊరేది వేరే హార్మోను, ల్యాబు అమ్మాయి చెప్పింది అదే. ఆ రెండోది ముందుకొస్తే మొదటిదాని పని సాగదు. చెయ్యి మారితే గేదె చేపదని మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఎందుకు చేపదో, ఎంత భయానికి చేపదో అంకెల్లో చెప్పాలి. ఆ భయం రక్తంలోంచి పాలలోకి కూడా దిగుతుందట. కాబట్టి గేదెకి సూది గుచ్చి ఇంకా భయపెట్టక్కర్లేదు, గిన్నెడు పాలు చాలు. సూది గుచ్చితే ఆ భయమే లెక్కలోకి వస్తుంది కదా అని ఆమె నాకు వివరించినప్పుడు, ఇంత మర్యాదగల శాస్త్రం ఇంకోటి లేదనిపించింది.

వాళ్ల ఊరు పేట నుంచి ముక్త్యాల వెళ్లే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి. పేట అంటే జగ్గయ్యపేట. మా వైపు పూర్తి పేరు ఉత్తరాల మీదే రాస్తారు. సిమెంటు లారీలు పగలంతా ఆ రోడ్డు మీద వెళ్తుంటే, దారి పక్కన తుమ్మచెట్లు బూడిద రంగులో ఉండేవి, వాన పడ్డ రోజు తప్ప ఆకు రంగు కనపడేది కాదు. మా అత్తగారికి రెండు గేదెలు. ఒకటి దొరసాని. వంకర కొమ్ములు, నిగనిగలాడే ఒళ్లు, ఊళ్లో ఎవరికీ లేనన్ని వేషాలు. కుడితిలో తౌడు తగ్గితే మూతి పక్కకి తిప్పుకునేది. లారీ హారన్ వినపడితే చెవులు రిక్కించి పలుపు తెంపుకునేంత పని చేసేది. రెండోది మల్లి, నెమ్మదస్తురాలు, దాని మీద కాకులు సభలు పెట్టుకున్నా పట్టించుకునేది కాదు. దొరసానికి ఉన్న ధైర్యమంతా మల్లే. పాకలో రెండూ ఒకదాని మెడ మీద ఒకటి మెడ వేసుకుని నిలబడేవి. వాగులోకి దిగాలంటే ముందు మల్లి దిగాలి, అది మోకాలి లోతుకి వెళ్లాక దొరసాని గట్టు మీద నుంచి ఒకసారి రంకె వేసి దిగేది. దొరసానిని మా అత్తగారు తప్ప ఎవరూ పితకలేరు. ఆవిడ ఏ పెళ్లికో వెళ్లాలన్నా పొద్దున పాలు పితికి వెళ్లి సాయంత్రం పాలవేళకి బస్సు దిగాల్సిందే. సొంత తమ్ముడి పెళ్లిలో కూడా ఆవిడ రాత్రి విందుకి లేదని చెప్పుకునేవారు.

పరిశోధన మొదట్లో మా ఆవిడ చేసిన పనల్లా గేదెలని చూడడం. చేతిలో నోటు పుస్తకం, మెడలో గడియారం కట్టిన తాడు, నెత్తిన తుండుగుడ్డ. ఏ గేదె ఎవరి పక్కన పడుకుంది, ఎవరి ఒళ్లు నాకింది, ఎవరిని చూసి పక్కకి జరిగింది, నిమిషాలతో సహా రాసేది. రోడ్డు మీద సైకిలాపి చూసేవాళ్లు. "ఎమ్మెస్సీ చదివించి గొడ్లు కాయిస్తున్నారేంటి మాస్టారూ" అని మామగారిని అడిగినవాళ్లున్నారు. ఆయన పాపం సంజాయిషీ చెప్పుకోలేక, "యూనివర్సిటీ వాళ్లు కాయించుకుంటున్నారండి" అనేవారు. కొన్నాళ్లకి ఊళ్లో ఆడవాళ్లే ఆమె దగ్గరికొచ్చి కబుర్లు చెప్పడం మొదలెట్టారు. ఎవరి గేదె ఎవరి గేదెతో చెడింది, ఏది ఎవరి వెనక తిరుగుతోంది, మనుషుల సంగతులు చెప్పుకున్నట్టే చెప్పేవారు. వాటిలో సగం థీసిస్‌లోకి ఎక్కాయి.

అసలు పరీక్ష దసరా సెలవుల్లో పెట్టుకుంది. ఊళ్లో ఎనిమిది ఇళ్లు ఒప్పుకున్నాయి. పద్ధతి ఇది: కొన్ని రోజులు జోడీ పక్కన ఉండగా కొత్త మనిషి పితకాలి, కొన్ని రోజులు జోడీని కనపడనంత దూరం తీసుకెళ్లి, కొత్త మనిషి గంటసేపు గేదె పక్కన నిలబడి, అప్పుడు పితకాలి. గిన్నెడు పాలు సీసాలో పోసి ఐసు పెట్టెలో పెట్టాలి. ప్రతి సీసాకి ఒక కాగితం. అందులో గేదె నంబరు, వేళ, పితికినవాళ్లు, చివర్లో విశేషాలు అని ఒక గడి. అన్ని ఇళ్లలోనూ పాలవేళ ఒకటే కాబట్టి ఆమె అన్నిచోట్లా ఉండలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో మనిషిని కుదుర్చుకుని, తను మాత్రం మిగతా ఇళ్ల చుట్టూ తిరిగేది. వాళ్ల సొంత ఇంటికి కొత్త మనిషిని నేనే. నాకు పితకడం రాదనుకునేరు, మాదీ సేద్యపు ఇల్లే, ఇంటర్ దాకా పితికిన చెయ్యే. "మన ఇంటి గురించి నాకు దిగుల్లేదండి, మీరున్నారు కదా" అంది మా ఆవిడ. ఉన్నాను.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు. కాలేజీ ప్రాక్టికల్స్‌లో నేను మహా కర్కోటకుణ్ణి. లోలకం ఊపి భూమ్యాకర్షణ కట్టమంటే, పిల్లలు ముందు పుస్తకంలో జవాబు చూసి, వెనక నుంచి లెక్క కట్టి, ఊపులు లెక్కపెట్టకుండానే టేబుల్ నింపేసేవాళ్లు. నేను అలాంటి రికార్డులు చించేసి మళ్లీ చేయించేవాణ్ణి. "వచ్చింది రాయండి, రావాల్సింది రాయకండి" అని ఏడాదికి రెండొందలసార్లు అనేవాణ్ణి. వెనక బెంచీ వాళ్లు నన్ను అనుకరించేటప్పుడు కూడా ఆ మాటే వాడేవాళ్లని విన్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా.

మల్లి పక్కనున్న రోజుల్లో దొరసాని ఎలాగో గిన్నెడు పాలు దించింది. జోడీని విడదీసే మొదటి రోజు మల్లిని మామగారు తోలుకుని ఊరి అవతలికి వెళ్లారు. దొరసాని అది మలుపు తిరిగే దాకా చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. గంటసేపు అది వేసిన రంకెలకి దూడ బెదిరి, నేను బెదిరి, పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు. కట్టుగొయ్య చుట్టూ తిరిగి తిరిగి పలుపు పొట్టిదైపోయింది. వేళకి చెంబు పట్టుకుని కూర్చున్నాను. దూడని వదిలాం, కుడితి పెట్టాం, పొదుగు తడిపాం. పొదుగు నిండుగా కనపడుతోంది, చుక్క దిగదు. మూడోసారి చెయ్యి వేసేసరికి దాని కాలు లేచింది. చెంబు ఒకవైపు, నేను ఒకవైపు. నేను పడ్డ చోటు గురించి వివరాలు అనవసరం, గొడ్ల పాకలో ఏముంటుందో అందరికీ తెలుసు.

ఎనిమిది గంటలకి మా ఆవిడ ఐసు పెట్టెతో వచ్చింది. ఏడిళ్ల సీసాలు ఉన్నాయి, మాది లేదు. పాలు రాలేదంటే కోప్పడలేదు, "పోనీలెండి, రేపు చూద్దాం" అంది. కానీ చెంబు బోర్లా పడి ఉండడం చూసి ఆమె మొహం వాడిపోయింది. అటువైపు తిరిగి మెడలో గడియారం తాడు సర్దుకుంటూ నిలబడింది. వాళ్ల గైడు ఇంక ఒక్కసారే సీసాలు పంపమన్నాడని నాకు తెలుసు. ల్యాబులో ఆ పరీక్ష మందు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నాకు పెళ్లై అప్పటికి ఏడాదిన్నర. ఆమె మొహం అలా వాడితే చూడగలిగే అలవాటు నాకింకా కాలేదు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ కాలేదు.

ఆ సాయంత్రం ఆమె పక్కవీధికి వెళ్లినప్పుడు మా అత్తగారు నా పక్కన వచ్చి కూర్చుంది. "అల్లుడుగారూ, దానికి మీరెవరో ఏం తెలుసండీ. దానికి తెలిసింది నా చీర. రేపు నా చీర కట్టుకుని కూర్చోండి, ఎందుకివ్వదో నేను చూస్తా" అంది. నేను నోరు తెరిచాను. "సిగ్గేంటండి, మా మామ కట్టలా? మా అత్త పురిటికెళ్తే నెల్లాళ్లు చీర కట్టుకునే పితికాడు. ఊళ్లో సగంమంది మగాళ్లు కట్టినోళ్లే, చెప్పరంతే." అది నిజమని నాకూ తెలుసు. మా ఊళ్లోనూ ఆ పద్ధతి ఉంది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి అసలు బాధ చెప్పింది. "ఊళ్లో అందరి గేదెలూ పరీక్షలో పాసయ్యి, చదువుకునే పిల్ల ఇంటి గేదె ఫెయిలైతే ఏం బాగుంటదండి? అమ్మాయికి మాత్రం చెప్పమాకండి. అదేదో రూలంటది."

మర్నాడు మల్లిని తోలుకెళ్లక ముందే, లుంగీ మీద అత్తగారి నీలం రంగు నేత చీర చుట్టుకుని, కొంగు తల మీదుగా లాక్కుని పాకలో నిలబడ్డాను. ముందురోజు విడిచిన చీర. పేడ, గడ్డి, కొబ్బరినూనె, పొయ్యి పొగ అన్నీ కలిసిన వాసన. నాలుక అంగిట్లో కొట్టి "హై అమ్మా, హై" అని ఎలా పిలవాలో కూడా ఆవిడ ముందే నేర్పింది. దొరసాని వచ్చి నా భుజం వాసన చూసింది, కొంగు వాసన చూసింది, నా మీసాల దగ్గర కాసేపు సందేహించింది. తర్వాత నిట్టూర్చినట్టు ఊపిరి వదిలి గడ్డి నమలడం మొదలెట్టింది. మల్లి వెళ్లినా ఒకసారి తల తిప్పి చూసి ఊరుకుంది. వేళకి చెంబు పెడితే పొదుగు నిండుగా చేపింది. నురగ చెంబు అంచు దాటింది. పాలకి వచ్చిన పాస్టరుగారు సరిగ్గా అప్పుడే దడి తలుపు తీశారు. కొంగు కింద నన్ను గుర్తుపట్టి, "వందనాలు అల్లుడుగారూ" అని క్యాను అక్కడే పెట్టి వెళ్లిపోయారు. ఆ ఆదివారం వాక్యం చెబుతున్నంతసేపూ నా వైపు చూడకుండా ఉండడానికి ఆయన చాలా కష్టపడ్డారు.

మూడు రోజులూ అలాగే గడిచాయి. మూడు రోజులూ మా ఆవిడ వచ్చేలోపు చీర దండెం మీదికి, నేను చొక్కాలోకి. సీసా చూసి ఆమె పొంగిపోయేది. "మల్లి లేకుండా దొరసానిని పితికేశారండీ మీరు!" అంటూ ఆ సంగతి వాళ్ల నాన్నకి చెప్పడానికి పరిగెత్తేది. మల్లిని తోలుకెళ్తూ నన్ను చీరలో చూసిన ఆయన, ఏమీ తెలియనట్టు తలూపేవారు. కాగితం మీద వేళ రాశాను, పేరు రాశాను. విశేషాలు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. పితికింది కొత్త మనిషే కదా, ఏం బట్ట కట్టాడో ఆమె అడగలేదు కదా అనుకున్నాను. మూడు కాగితాల మీదా "ఏమీ లేవు" అని రాశాను. నాకు తెలియక చేశానని ఎవరైనా అనుకుంటే అది నా మీద ప్రేమ. నాకు తెలుసు. లోలకం తాడు పొడుగు మార్చేసి మార్చలేదని రాసే కుర్రాడికి ఎంత తెలుస్తుందో అంతా తెలుసు.

రెండు నెలల తర్వాత ల్యాబు నుంచి అంకెలొచ్చాయి. ఏడిళ్లలోనూ ఆమె అనుకున్నట్టే వచ్చింది. జోడీ పక్కనుంటే భయం హార్మోను తక్కువ, జోడీ లేకపోతే ఎక్కువ. ఒక్క దొరసానికే తోడున్నా లేకపోయినా ఒకటే అంకె. ఊరంతటిలో బెదురుగొడ్డని పేరున్న గేదె అందరికంటే నిబ్బరంగా తేలింది. గైడు ఉత్తరం రాశాడు, దీనికి కారణం చెప్పకుండా ముందుకెళ్లడానికి వీల్లేదని. అప్పట్నుంచి మూడు నెలలు మా ఆవిడ ఆ ఒక్క గేదె వెంట పడింది. సీసాలు తారుమారయ్యాయా, ఐసు కరిగిందా, నంబరు తప్పు రాసిందా. మొదటి ఏడాది రాసుకున్న నోటు పుస్తకాలన్నీ తీసి దొరసాని పేజీలు మళ్లీ చదివింది. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేది. ఒకరోజు, "నేను చూసిందంతా తప్పేనేమోనండి. బెదురనుకున్నది బెదురు కాదేమో. అసలు నాకు గేదెల్ని చూడ్డం రాదేమో" అంది. నేను కూర బాగుందన్నాను. అంతకంటే పిరికి మాట నా జన్మలో అనలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, రాసిన అధ్యాయం నాకు చదివి వినిపిస్తోంది. థీసిస్ ఇంగ్లీషులోదే, మధ్యమధ్య తెలుగులో చెబుతోంది. కారణం దొరక్క, చివరికి తనని తాను ఒక కారణానికి ఒప్పించుకుంది. "కొన్ని గేదెలు స్వభావంలోనే నిబ్బరంగా ఉంటాయి. తోడు లేకపోయినా, కొత్త చెయ్యి పడినా చలించవు. ఉదాహరణకి..." అని దొరసాని నంబరు చదివింది. నాకు నవ్వొచ్చేసింది. దొరసానికి నిబ్బరమా! లారీ హారన్‌కి గడ్డి వేసే గాడిలోకి దూకిన గేదె అది. ఆమె కాగితం దించి, "ఎందుకు నవ్వారు?" అంది. నవ్వు నోట్లోనే ఆగిపోయింది. నేనిప్పుడు చెప్పకపోతే ఆ అబద్ధం ఆమె పేరుతో అచ్చవుతుంది, ఎప్పటికీ లైబ్రరీలో ఉంటుంది. చెప్పాను. చీర సంగతి, మొదటి రోజు ఆమె మొహం సంగతి, అత్తగారి పాసూ ఫెయిలూ సంగతి, అంతా.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసింది.

"ఏ చీర?"

"నీలంది. అంచు చిరిగింది."

"ఉతికిందా, విడిచిందా?"

"విడిచింది."

"తల మీదకి వేసుకున్నారా? మూడు రోజులూనా? అమ్మ పక్కనే ఉందా, లోపలికి వెళ్లిందా?" అన్నీ అడిగి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. రాయడం అయ్యాక పుస్తకం మూసి, "మూడు నెల్ల నుంచీ నాకు చూపు సరిగా లేదేమో అనుకున్నా" అంది. పెన్నుకి మూత పెడుతూ, "వచ్చింది రాయమని మీరే కదండీ పిల్లలకి చెప్తారు" అంది. ఆ తర్వాత లేచి వెళ్లి అంట్లు తోముకుంది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి, ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

మర్నాడు పేట బస్సెక్కి ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. మా అత్తగారు దబాయించింది. "మార్కులు తగ్గుతయ్యని చేశానే. తప్పా?" అంది. మా ఆవిడ పాకలోనే గడ్డి మోపు మీద కూలబడి, "అమ్మా, నీ గేదె భయపడితేనే నేను పాసవుతా" అంది. మా అత్తగారు కూతుర్నీ, దొరసానినీ మార్చి మార్చి చూసింది. "నోరులేని గొడ్డు భయపడితే పాసేంటే? అదేం చదువే తల్లీ!" అంది. మా ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. పెద్దావిడ కొంగుతో కూతురి మొహం తుడుస్తూ నా వైపు చూసింది, చదువుకున్నవాడివి నువ్వైనా చెప్పొద్దా అన్నట్టు. ఆ చూపులో న్యాయం ఉంది.

ఆ మూడు సీసాల అంకెలూ కొట్టేసి, మళ్లీ చేస్తానని ఆమె గైడుకి రాసింది. దాంతో ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాదిలోనే ఆమె ఆశ పెట్టుకున్న ఉద్యోగం ఒకటి పడితే, పీహెచ్‌డీ చేతిలో లేక అప్లై చేయలేకపోయింది. ఆమె తర్వాత చేరిన అమ్మాయికి అది వచ్చింది. ఆ అమ్మాయిని అభినందించడానికి స్వీట్లు నేనే కొనుక్కొచ్చాను, మా ఆవిడ చెబితే. మరుసటి దసరాకి నేను వెళ్లి పితుకుతానంటే, "వద్దులెండి" అని రెడ్డిగూడెం నుంచి ఒక దూరపు మేనమామని పిలిపించింది. ఆయన అంతకుముందు ఆ గడప తొక్కలేదు. పాలవేళ అయ్యేదాకా మా అత్తగారిని చర్చిలో కూర్చోబెట్టారు. నేను దడి అవతల నిలబడి, దొరసాని మల్లి కోసం వేస్తున్న రంకెలు విన్నాను. గిన్నె అడుగు కూడా నిండలేదు, కానీ పరీక్షకి సరిపోయింది. అంకెలొచ్చాక చూస్తే ఎనిమిదిళ్లలోకీ దొరసాని భయమే ఎక్కువ. ఆమె మొదటి ఏడాది కళ్లతో చూసి రాసుకున్నదంతా నిజమే. ఆ కాగితం నాకు చూపించినప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. నాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

మొదటి ఏడాది సంగతి ఆమె థీసిస్‌లో దాచలేదు. ఒక ఇంట్లో పితికిన వ్యక్తి రోజూ పితికే ఆవిడ చీర ధరించినందున ఆ అంకెలు లెక్కలోకి తీసుకోలేదని పేజీ అడుగున రాసింది. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నాలుగొందల పేజీలు వదిలేసి ఆ రెండు లైన్ల దగ్గర ఆగాడు. "పితికింది ఎవరమ్మా?" అన్నాడు. "మా ఆయనేనండి" అంది. హాలంతా నవ్వింది. వెనక వరసలో ఉన్న నేనూ నవ్వాను, నేను కానట్టు. చీర వాసనే తోడుగా పనిచేసిందంటే అది కూడా తేల్చాల్సిన విషయమేనని ఆయన అన్నాడు. "అవునండి, అది ఇంకెవరైనా చేస్తే బాగుంటుంది. మా ఇంట్లో మాత్రం వద్దు" అంది మా ఆవిడ.

ఆ తర్వాత ఆమెకి ఉద్యోగం వచ్చింది, పేరొచ్చింది, గొర్రెల మీదా కోళ్ల మీదా పని చేసింది. నన్ను ఒక్కనాడు దెప్పలేదు. ఎవరికైనా చీర కథ చెప్పాల్సి వస్తే నవ్వుతూనే చెప్పేది. కానీ నేను చెప్పిన అంకె మాత్రం నమ్మేది కాదు. కావాలని చేసేది కాదు, అదే నాకు ఎక్కువ బాధ. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో నేను చెబితే, ఊ అంటూనే వెళ్లి క్యాలెండరు చూసేది. బస్సు ఆరింటికంటే, వీధిలోకి వెళ్లి ఇంకొకర్ని అడిగొచ్చేది. మా అమ్మాయి పుట్టాక మరీను. పిల్లకి జ్వరమొస్తే నేను థర్మామీటరు పెట్టి ఎంతుందో చెప్పేవాణ్ణి. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని, గాజులు గలగలమనేలా నాలుగుసార్లు విదిలించి, మళ్లీ పిల్ల చంకలో పెట్టేది. ప్రతిసారీ నేను చెప్పిందే వచ్చేది. అయినా మళ్లీ పెట్టేది. వద్దనే హక్కు నాకు లేదు.

మల్లి ముందు పోయింది. దాని తర్వాత దొరసాని ఎక్కువ కాలం లేదు. మా అత్తగారు ఇంక గేదెని కొననంది, ప్యాకెట్ పాలు తాగుతూ రోజూ వాటిని తిట్టేది. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ పాక ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో ట్రాక్టరు నిలబెడుతున్నారు. పేట వెళ్లినప్పుడల్లా అటు తొంగిచూసి వస్తాం. మా ఆవిడ అక్కడ ఏమీ మాట్లాడదు, నేను ఏదో ఒకటి మాట్లాడతాను.

మా అమ్మాయికి ఎనిమిదో తొమ్మిదో ఉన్నప్పుడు ఒకసారి జ్వరమొచ్చింది. సెలవు రోజు, మధ్యాహ్నం. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఏవో కాగితాలు దిద్దుకుంటోంది. నేను పిల్ల చంకలోంచి థర్మామీటరు తీసి వెలుతుర్లో తిప్పి చూసి, "నూటొకటీ పాయింటు నాలుగు" అన్నాను. అని, ఆమె చేతికివ్వడానికి అలవాటుగా దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆమె తలెత్తకుండా, "నూటొకటీ నాలుగా" అంటూ కాగితం అంచున రాసుకుంది. లేచి వెళ్లి మందు సీసా తెచ్చి, ఆ అంకెకి ఎంత పోయాలో అంత పోసి పిల్లకి తాగించింది. నేనింకా అలాగే నిలబడి ఉన్నాను. "ఏంటండీ అక్కడే నిలబడ్డారు? తడిగుడ్డ తీసుకురండి" అంది. పెరట్లోకి వెళ్లాను. కుళాయి తిప్పి, గుడ్డ తడిపి, తడిసిన గుడ్డనే తడుపుతూ చాలాసేపు ఉండిపోయాను. నా కళ్లు ఎందుకు తడిశాయో ఆమెకి తెలియదు, తను ఏం చేసిందో కూడా ఆమెకి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ గేదె దగ్గర నుంచి ఆ మధ్యాహ్నం దాకా లెక్కేసుకుంటే పదకొండేళ్లు. కాలం తన పని తాను చేసుకుపోతున్నప్పుడు మనకి ఏ అలికిడీ వినపడదు. ఒకరోజు గాజులు గలగలమనాల్సిన చోట ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, అది తన పని పూర్తి చేసి వెళ్లిందని అప్పుడు తెలుస్తుంది.